మేస్త్రీని తయారు చేద్దాం

ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ వైవాలో ఎక్స్‌టర్నల్ గారు నన్ను అడిగినవి రెండే ప్రశ్నలు. "ఎల్ఎస్ కమాండ్ ఎక్కడుంటుందయ్యా?" బిన్ డైరెక్టరీలో సార్ అన్నాను. "మరి సీడీ?" అదీ అక్కడే సార్ అన్నాను, ఏమాత్రం తడబడకుండా. ఆయన పక్కనున్న లినక్స్ కంప్యూటర్ చూపించి "ఏదీ, వెతికి చూపించు" అన్నారు. వెతికాను. లేదు. నా రికార్డులో ఫోర్క్ ప్రోగ్రాం ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. పక్కవాడి రికార్డు చూసి ఎక్కించిందే అది. రోజుకు యాభైసార్లు కొట్టే కమాండ్ ఎక్కడుందో నాకు తెలియదని పదిమంది ముందు తేలిపోయింది.

ఆ ప్రశ్నకు జవాబు గైడుల్లో వెతికాను, దొరకలేదు. ఉద్యోగంలో చేరిన రెండేళ్లకు, ఒక శనివారం సాయంత్రం సొంతంగా ఒక షెల్ రాయడానికి కూర్చుంటే రాత్రి పదకొండింటికి దొరికింది. మీరు కూడా అలా కూర్చోవాలని ఈ అధ్యాయం రాస్తున్నాను. చేతికి వచ్చిన విద్యకూ, నోటికి వచ్చిన విద్యకూ ఎంత దూరం ఉందో కొలుచుకోవడానికి ఇంత చవకైన పని నాకు ఇంకొకటి తెలియదు.

సరంజామా పెద్దగా అక్కర్లేదు. లినక్స్ ఉన్న ఏ పాత కంప్యూటరైనా చాలు. విండోస్ అయితే డబ్ల్యూఎస్ఎల్ వేసుకోండి. కంప్యూటరే లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్లో టెర్మక్స్ యాప్ పెట్టుకుంటే అందులో క్లాంగ్ కంపైలర్ దొరుకుతుంది. చిన్న కీబోర్డుతో విసుగే గానీ పని జరుగుతుంది. సీ భాషలో లూపులు, పాయింటర్లు, స్ట్రింగులు తెలిస్తే సరిపోతుంది.

ఒక్క షరతు. ఏఐని అడిగితే వంద లైన్ల షెల్ పది సెకన్లలో రాసిస్తుంది. అప్పుడది మళ్లీ పక్కవాడి రికార్డే. దాన్ని అసలు ముట్టుకోవద్దని అనను. ప్రోగ్రాం మాత్రం అడగకండి, మీరు చేసిన తప్పు చూపించి ఎందుకిలా అయిందని అడగండి. అదీ ఇరవై నిమిషాలు సొంతంగా కొట్టుకున్నాకే.

షెల్ అంటే ఏమిటి? కూలీలను పనికి పెట్టే మేస్త్రీ అనుకోండి. యజమాని ఏం కావాలన్నాడో వింటాడు, దానికి తగిన మనిషిని పిలుస్తాడు, పని అప్పజెప్పి అయ్యేదాకా చూస్తాడు, మళ్లీ వచ్చి "ఇంకేంటండీ?" అంటాడు. తట్ట తను మోయడు. ఫైళ్ల పేర్లు చూపించడం షెల్‌కు రాదు. అది ఎల్ఎస్ పని. ఎల్ఎస్‌ను పిలవడం మాత్రమే షెల్‌కు వచ్చు.

మొదటి సాయంత్రం గురి చిన్నది: మీ ప్రాంప్ట్ దగ్గర ఎల్ఎస్ అని కొడితే ఫైళ్ల పేర్లు రావాలి. రంగులు, హిస్టరీ, బాణం మీటలు ఏవీ వద్దు. ప్రాంప్ట్ చూపించాలి, గెట్‌లైన్‌తో ఒక లైను చదవాలి, దాన్ని మాటలుగా విడగొట్టాలి, పని చేయించాలి, మళ్లీ మొదటికి రావాలి.

ఇందులో మొదటి దెబ్బ విడగొట్టే దగ్గరే తగులుతుంది. నేను ఎల్ఎస్ కొడితే అలాంటి ఫైలే లేదంది. స్పెల్లింగ్ సరిగ్గానే ఉంది. ఎర్రర్‌ను మళ్లీ చూస్తే ఎల్ఎస్ అన్న మాట ఒక లైనులో ఉంది, దాని పక్కన ఉండాల్సిన కోలన్ కింది లైనులో పడింది. అరగంటకు బుర్ర వెలిగింది. ఎంటర్ కొట్టినప్పుడు వచ్చే న్యూలైన్‌ను గెట్‌లైన్ తీసేయదు, మాటకు అతికించే ఇస్తుంది. నేను పిలుస్తున్నది ఎల్ఎస్‌ను కాదు, తోకున్న ఎల్ఎస్‌ను. ఎర్రర్ మెసేజ్ ఏం చెబుతోందో చదివితే సరిపోదు, తెరమీద ఎలా పడిందో కూడా చూడాలని ఆ రోజు తెలిసింది. స్పేస్‌తో పాటు ట్యాబ్ దగ్గరా, న్యూలైన్ దగ్గరా కూడా మాటను కోయమని స్ట్ర్‌టోక్‌కు చెప్పండి. కోసిన మాటల వరుస చివర నల్ పెట్టండి. పెట్టకపోతే, తర్వాత రాబోయే ఎగ్జెక్ ఎక్కడ ఆగాలో తెలియక, తర్వాత మెమరీలో ఉన్న చెత్తనంతా ఆర్గ్యుమెంట్లే అనుకుంటుంది. ఉత్త ఎంటర్ కొడితే ఏమవుతుందో, కంట్రోల్-డి కొడితే ఏమవుతుందో చూడండి. గెట్‌లైన్ మైనస్ ఒకటి ఇచ్చిందా లేదా అని చూసుకోకపోతే కంట్రోల్-డికి ప్రాంప్ట్ వరదలా పారుతుంది.

ఇక అసలు పనికి వద్దాం. యూనిక్స్‌లో కొత్త ప్రోగ్రాంను నడపడానికి రెండు అడుగులు వేయాలి. మొదటిది ఫోర్క్. నడుస్తున్న ప్రాసెస్‌కు అచ్చుగుద్దినట్టు కవలను పుట్టిస్తుంది. పిలిచేది ఒకరు, తిరిగొచ్చేది ఇద్దరు. "రాముడు భీముడు" సినిమాలోలా చూడ్డానికి తేడా లేదు. అదే కోడు, అవే వేరియబుల్స్, ఇద్దరూ అదే లైను దగ్గర నిలబడి ఉంటారు. ఎవరు ఎవరో పోల్చుకోవడానికి ఉన్న గుర్తు ఫోర్క్ ఇచ్చే విలువ ఒక్కటే. పుట్టిన బిడ్డకు సున్నా వస్తుంది, తల్లికి బిడ్డ నంబరు వస్తుంది. పుట్టించలేకపోతే మైనస్ ఒకటి. బిడ్డకు సున్నాయే ఎందుకని నేను చాలాకాలం ఆలోచించలేదు. బిడ్డకు తల్లి ఒక్కతే, గెట్‌పీపిడ్ అని ఎప్పుడైనా అడిగి తెలుసుకోవచ్చు. తల్లికి చాలామంది బిడ్డలుండొచ్చు, ఇప్పుడు పుట్టింది ఎవరో అప్పుడే చెప్పకపోతే ఆమెకు తెలిసే దారి లేదు.

రెండోది ఎగ్జెక్. ఇది పరకాయ ప్రవేశం. ప్రాసెస్ నంబరు మారదు, తెరిచి ఉన్న ఫైళ్లు మారవు, ఉన్న డైరెక్టరీ మారదు. లోపలున్న ప్రోగ్రాం మాత్రం పోయి కొత్తది వచ్చి కూర్చుంటుంది. శంకరాచార్యులు అమరుక మహారాజు శరీరంలోకి వెళ్లి మళ్లీ తిరిగొచ్చారని కథ. ఇక్కడ తిరిగి రావడం లేదు, పాత ప్రోగ్రాం పోయిందంటే పోయినట్టే. అందుకే ఎగ్జెక్ ఫలించిందంటే దాని తర్వాతి లైను ఎప్పటికీ నడవదు. ఈ కుటుంబంలో చాలా రూపాలున్నాయి గానీ మనకు కావాల్సింది ఎగ్జెక్‌విపి. పాత్ వేరియబుల్‌లో ఉన్న డైరెక్టరీలన్నీ వెతికే పని అదే చూసుకుంటుంది.

ఎగ్జెక్ ఫలించకపోతే? ఇక్కడే తాళం వేసితివి, గొళ్ళెం మరచితివి. తప్పు స్పెల్లింగ్‌తో కమాండ్ కొట్టాను. లేదని మెసేజ్ వచ్చింది, ప్రాంప్ట్ వచ్చింది, బాగానే ఉంది. ఎగ్జిట్ అని కొడితే బయటికి రావడం లేదు. మళ్లీ కొడితే వచ్చింది. ఇంకోసారి నడిపి నాలుగు తప్పుడు కమాండ్లు కొడితే, బయటపడ్డానికి ఐదు ఎగ్జిట్లు పట్టింది. పరకాయ ప్రవేశం కుదరని బిడ్డ ఇంకా షెల్‌గానే మిగిలిపోయి, లూప్‌లోకి వెళ్లి తనూ ఒక ప్రాంప్ట్ చూపిస్తోంది. ప్రతి తప్పుకూ ఒక కొత్త మేస్త్రీ పుడుతున్నాడన్నమాట. ఎగ్జెక్ కింద లైనులో ఎర్రర్ చూపించి, 127 విలువతో అండర్‌స్కోర్ ఎగ్జిట్ పిలవండి. కమాండ్ దొరకలేదని చెప్పడానికి షెల్‌లు మామూలుగా వాడే అంకె 127.

తల్లి చేయాల్సింది వెయిట్‌పిడ్ పిలిచి బిడ్డ పని ముగిసేదాకా ఆగడం. ఇది మర్యాద కోసం కాదు. చనిపోయిన ప్రాసెస్ తన ఫలితాన్ని తల్లికి చెప్పేదాకా దాని నంబరు కెర్నెల్ పట్టికలో అలాగే ఉంటుంది. పని ముగించి ఇంటికెళ్లిపోయినా మస్టర్‌లో పేరు కొట్టేయని కూలీ లాంటిది. దీన్నే జాంబీ అంటారు. కిల్ చేసినా పోదు, ఇప్పటికే పోయినదాన్ని ఏం చంపుతాం? తల్లి వచ్చి లెక్క తీసుకోవాలి. తల్లే ముందు పోతే, మామూలుగా ఒకటో నంబరు ప్రాసెస్ దాన్ని దత్తత తీసుకుని ఆ లెక్క తీరుస్తుంది.

ఇప్పుడు ఎల్ఎస్ నడుస్తుంది. డేట్ నడుస్తుంది. జీసీసీ కూడా నడుస్తుంది, అంటే మీ షెల్‌లో కూర్చుని మీ షెల్‌నే కంపైల్ చేసుకోవచ్చు. ఆ సంతోషంలో నేను సీడీ కొట్టాను. ఆ డైరెక్టరీకి వెళ్లలేదు.

ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఇదే తప్పు మనకంటే చాలా ముందు చాలా పెద్దవాళ్లకు ఎదురైంది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ పీడీపీ-7 అనే చిన్న యంత్రం మీద యూనిక్స్‌ను మొదలుపెట్టారు. మొదట్లో ఫోర్క్ లేదు. ఒక్కో టెర్మినల్‌కు ఒకే ప్రాసెస్ ఉండేది. షెల్ కమాండ్ చదివి, ఆ ప్రోగ్రాంను తన మీదికే ఎక్కించుకునేది. ప్రోగ్రాం ముగిశాక మళ్లీ షెల్‌ను డిస్క్ నుంచి తెచ్చి కూర్చోబెట్టేవారు. ఫోర్క్ ఆలోచనను బర్క్లీలోని జీనీ టైమ్ షేరింగ్ సిస్టం నుంచి తీసుకున్నారు. దాన్ని చేర్చడానికి పట్టింది 27 లైన్ల అసెంబ్లీ కోడ్ అని రిచీ తర్వాత రాసిన చరిత్ర వ్యాసంలో చెప్పారు. కొత్త పద్ధతి పనిచేసింది, అందరూ ఆనందించారు. ఆ ఆనందం మధ్యలో తెలిసింది, డైరెక్టరీ మార్చే కమాండ్ పనిచేయడం లేదని. అప్పట్లో దాని పేరు సీహెచ్‌డిర్. ఫోర్క్ చేరిస్తే సీహెచ్‌డిర్ ఎందుకు పాడవాలని కోడంతా మళ్లీ చదివారట.

కారణం తెలిశాక నవ్వొస్తుంది. పాత పద్ధతిలో ఉన్నది ఒకే ప్రాసెస్ కాబట్టి దాని డైరెక్టరీ మారితే మారినట్టే. కొత్త పద్ధతిలో షెల్ ఒక బిడ్డను పుట్టిస్తుంది, బిడ్డ బుద్ధిగా తన డైరెక్టరీ మార్చుకుంటుంది, వెంటనే చనిపోతుంది. తల్లి ఉన్నచోటే ఉంటుంది. కూలీని బెజవాడ పంపిస్తే మేస్త్రీ బెజవాడ చేరతాడా? అందుకని ఆ ఒక్క కమాండ్‌ను ఇంకెవరికీ అప్పజెప్పకుండా షెల్ తానే చేసుకోవాలని తేల్చారు. సీడీకి విడిగా ప్రోగ్రాం ఉండదు, ఉన్నా ఉపయోగం లేదు. మ్యాక్‌లో ప్రమాణాల మాట నిలబెట్టడానికి ఆ పేరుతో ఒక ఫైలు నిజంగానే ఉంది. నడిపితే తన డైరెక్టరీ మార్చుకుని పోతుంది, మీకేం ఒరగదు.

ఎక్స్‌టర్నల్ గారి ప్రశ్నకు జవాబు అదీ. యూనిక్స్ సృష్టికర్తలు ఎక్కడ తట్టుకుని పడ్డారో సరిగ్గా అక్కడే నేనూ పడ్డానని తర్వాత వాళ్ల వ్యాసం చదివి తెలుసుకున్నప్పుడు సిగ్గు పోయింది. మీ షెల్‌లో ఫోర్క్ కంటే ముందు ఒక చిన్న తనిఖీ పెట్టండి: మొదటి మాట సీడీ అయితే సీహెచ్‌డిర్ పిలిచి మళ్లీ ప్రాంప్ట్‌కు వెళ్లిపోవాలి. ఎగ్జిట్‌కూ అంతే, బిడ్డ ఎగ్జిట్ అయితే తల్లి ఎలా బయటికొస్తుంది?

రెండో సాయంత్రం దారి మళ్లింపు, అంటే ఎల్ఎస్ ఫలితం తెరమీదికి రాకుండా > గుర్తుతో ఫైల్లోకి పోవడం. చాలామంది రెండు అడుగులెందుకు, ఒకే కాల్‌లో కానిచ్చేయొచ్చుగా అని అడుగుతారు. విండోస్‌లో అలాగే ఉంది. క్రియేట్‌ప్రాసెస్ అనే ఒకే కాల్, దానికి పది ఆర్గ్యుమెంట్లు. ఫోర్క్‌కు ఒక్కటీ లేదు. ఫోర్క్ అయ్యాక, ఎగ్జెక్ కాకముందు ఒక సందు దొరుకుతుంది చూడండి, బిడ్డ పుట్టింది గానీ ఇంకా మన కోడే నడుస్తోంది. ఆ సందులో బిడ్డ కోసం ఏ ఏర్పాటైనా మామూలు సీ కోడ్‌తో చేసుకోవచ్చు. ఫైలు తెరవండి, డూప్2తో దాన్ని ఒకటో నంబరు (ప్రోగ్రాం తన ఫలితం రాసే ఫైలు నంబరు) మీదికి మార్చండి, పాత నంబరు మూసేయండి, అప్పుడు ఎగ్జెక్ పిలవండి. ఎల్ఎస్‌కు ఈ సంగతేమీ తెలియదు. తనకు తెలిసినట్టే ఒకటో నంబరుకు రాస్తుంది, అది తెరో ఫైలో దానికి అనవసరం. ఫైలు కొత్తగా పుట్టించేటప్పుడు 0644 లాంటి అనుమతి విలువ ఇవ్వడం మరవకండి. మరిస్తే పిచ్చి అనుమతులతో పుట్టి, మీ ఫైలు మీకే తెరుచుకోకపోవచ్చు.

ఫోర్క్ గొప్పదని అందరూ ఒప్పుకోరు, అదీ చెప్పాలి. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్, బోస్టన్ యూనివర్సిటీ, ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు కలిసి 2019లో ఒక పత్రం రాశారు. పెద్ద ప్రోగ్రాములకు, థ్రెడ్లున్న చోట ఫోర్క్ ఇబ్బందికరమనీ, దాన్ని పక్కన పెట్టాలనీ వాళ్ల వాదన. వాదనలో బలముంది. అయినా నేర్చుకునేవాడికి ఆ సందు చూపించినంత తేటగా ఇంకేదీ చూపించదని నా అభిప్రాయం.

పైప్‌కు మూడో సాయంత్రం కేటాయించండి, ఒళ్లు దగ్గర పెట్టుకుని. ప్రోగ్రాములను తోటలో నీళ్ల గొట్టాల్లా ఒకదానికొకటి తగిలించే వీలుండాలని డగ్ మెక్‌ఇల్రాయ్ 1964లోనే ఒక నోట్‌లో రాశాడు. 1973 నాటి యూనిక్స్ మూడో ఎడిషన్ మాన్యువల్‌కు అది పైప్‌గా చేరింది. పైప్ కాల్ రెండు నంబర్లు ఇస్తుంది, ఒకటి చదివే కొస, ఒకటి రాసే కొస. ఎల్ఎస్ ఫలితాన్ని లైన్లు లెక్కపెట్టే డబ్ల్యూసీకి పంపాలంటే ముందు పైప్, తర్వాత రెండు ఫోర్క్‌లు. మొదటి బిడ్డ రాసే కొసను ఒకటో నంబరు మీదికి, రెండో బిడ్డ చదివే కొసను ఇన్‌పుట్ చదివే సున్నా నంబరు మీదికి తెచ్చుకుంటాయి.

అంతా సరిగ్గా రాశాననుకుని నడిపితే డబ్ల్యూసీ కదలదు, మెదలదు. పొలంలో బోదె చివర నిలబడ్డ రైతును తలచుకోండి. పైన తూములన్నీ మూసేశారని తెలిస్తేనే నీళ్లు ఇక రావని ఇంటికెళతాడు. ఒక్క తూము తెరిచి ఉన్నా కాచుకుని కూర్చోవాల్సిందే. పైప్ రాసే కొసను ఏ ప్రాసెస్ తెరిచి పట్టుకున్నా, అది ఒక్క అక్షరం రాయకపోయినా, చదివేవాడికి ముగింపు కనబడదు. ఫోర్క్ అయినప్పుడు ఆ కొసకు నకళ్లు అందరి దగ్గరా పుట్టాయి: తల్లి దగ్గర ఒకటి, డబ్ల్యూసీ దగ్గరే ఒకటి. తన చేతిలోని తూము తానే మూయక డబ్ల్యూసీ తనకోసమే ఎదురుచూస్తోంది. డూప్2 అయ్యాక ప్రతి బిడ్డా రెండు కొసలూ మూసేయాలి, ఇద్దరూ పుట్టాక తల్లీ రెండూ మూసేయాలి.

ఇంకో ఉచ్చు ఇంతకంటే టక్కరిది. మొదటి బిడ్డకు వెయిట్ చేసి, ఆ తర్వాత రెండో బిడ్డను పుట్టిస్తే చిన్న ఫోల్డర్లో చక్కగా పనిచేస్తుంది. లినక్స్‌లో పైప్ తొట్టిలో మామూలుగా 65,536 బైట్లు పడతాయి. అది నిండేంత పెద్ద ఫలితం వస్తే మొదటి బిడ్డ రాయలేక ఆగిపోతుంది, చదివేవాడు ఇంకా పుట్టనే లేదు, మేస్త్రీ మొదటివాడి కోసం కూర్చున్నాడు. ముందు ఇద్దర్నీ పుట్టించి, తర్వాతే వెయిట్ చేయండి. ఈ తప్పు నా షెల్‌లో మూడు వారాలు బయటపడకుండా ఉంది.

కంట్రోల్-సి కొడితే సిగ్నల్ బిడ్డకే కాదు, షెల్‌కూ తగిలి రెండూ పోతాయి. షెల్‌కు పట్టించుకోవద్దని చెప్పాను. తర్వాత స్లీప్ 1000 కొట్టి, కంట్రోల్-సి కొడితే ఆగలేదు. ఆ పట్టించుకోనితనం ఫోర్క్‌తో బిడ్డకు, ఎగ్జెక్ దాటి స్లీప్‌కు కూడా వారసత్వంగా వెళ్లింది. ఇంకో టెర్మినల్ తెరిచి కిల్ కొట్టాల్సి వచ్చింది. ఎగ్జెక్ ముందున్న ఆ సందులోనే సిగ్నల్‌ను మామూలు స్థితికి తెచ్చేయండి.

ఎక్కడైనా చిక్కుకుంటే ఎస్‌ట్రేస్ అనే ప్రోగ్రాం కింద మీ షెల్‌ను నడపండి. బిడ్డలను కూడా వెంబడించమని -ఎఫ్ ఇవ్వండి. అందులో ఫోర్క్ అని వెతక్కండి, లినక్స్‌లో అది క్లోన్ పేరుతో కనిపిస్తుంది. ఒక నోటుపుస్తకంలో ప్రతి తప్పుకూ మూడు ముక్కలు రాసుకోండి: ఏమైంది, ఎందుకైంది, దేన్నిబట్టి తెలిసింది. నా దాంట్లో పదిహేడు ఉన్నాయి. ఇంటర్వ్యూలకు వెళ్లేటప్పుడు నేను తిరగేసింది ఆ పుస్తకమే.

ఇంకొకరి షెల్ చదవాలనిపిస్తే మీది నడిచాకే చదవండి. ఎంఐటీలో పాఠాల కోసం 2006లో రాసిన చిన్న ఆపరేటింగ్ సిస్టం ఎక్స్‌వీ6లో షెల్ అంతా ఒకే ఫైల్లో, ఐదువందల లోపు లైన్లలో ఉంటుంది. సీడీని ఫోర్క్ కంటే ముందే పట్టుకునే చోటు అందులో చూడగానే గుర్తుపడతారు.

అన్నీ అయ్యాక మీ షెల్ లోపల మీ షెల్ పేరే కొట్టండి. నడుస్తుంది. అందులో మళ్లీ కొట్టండి. పీఎస్‌ట్రీ కొడితే మేస్త్రీ కింద మేస్త్రీ, వాడి కింద ఇంకో మేస్త్రీ వరసగా కనిపిస్తారు. ఎన్ని లోపలికి వెళ్లారో మాత్రం లెక్క పెట్టుకోండి. నేను ఒక ఎగ్జిట్ ఎక్కువ కొట్టి అసలు టెర్మినల్‌నే మూసేసుకున్నాను.